యజమాని దేవుణ్ని కాదని: సోజర్నర్ ట్రూత్ విశ్వాస ప్రయాణం

మార్చి 8 దగ్గరపడిందంటే విద్యార్థి సంఘాల పోస్టర్ల మీద ఒక నల్లజాతి ముసలమ్మ ఫొటో కనిపిస్తుంది. తలకు తెల్లటి టోపీ, భుజాల మీద శాలువా, చేతిలో అల్లిక పని. సోజర్నర్ ట్రూత్. బానిసత్వం మీద, ఆడవాళ్ల హక్కుల మీద మాట్లాడిన మనిషిగా ఆమెను గుర్తు పెట్టుకున్నాం. ఆమె ఇల్లు విడిచి రోడ్డెక్కింది మాత్రం దేవుని గురించి చెప్పడానికి. ఉద్యమాల వాళ్లం ఆ సంగతిని కాస్త ఇబ్బందిగా పక్కన పెట్టేస్తాం. చర్చిల్లో ఆమె కథ చెప్పేవాళ్లు ఉద్యమాన్ని పక్కన పెట్టేస్తారు. ఆదివారం పొద్దున చర్చికి, సాయంత్రం సభకు వెళ్లే మన పిల్లలు చాలామంది ఈ రెండు పక్కలకూ జవాబు చెప్పుకోలేక నలుగుతుంటారు. వాళ్ల కోసమే ఈ జీవితాన్ని మరోసారి చెప్పుకోవాలి.

అమెరికా బానిసత్వం అనగానే మనకు దక్షిణాది పత్తి పొలాలు గుర్తొస్తాయి. ఆమె పుట్టింది ఉత్తరాన, న్యూయార్క్ రాష్ట్రంలోని అల్‌స్టర్ కౌంటీలో. సుమారు 1797లో. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. బానిసల పుట్టుక రాసిపెట్టేది ఆస్తి లెక్క కోసమే. ఆ ప్రాంతం డచ్చి రైతులది. యజమానుల భాషే బానిసల భాష కాబట్టి ఇసబెల్లా అనే ఆ పిల్లకు తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఇంగ్లిష్ ముక్క రాదు. యజమాని ఇంటి కింద నేలమాళిగలో బానిసలందరూ కలిసి పడుకునేవారు. బురద నేల మీద చెక్కలు పరిచి, వాటి మీద గడ్డి.

తల్లి ఎలిజబెత్‌కు పదిమందికి పైగా పిల్లలు. దాదాపు అందరూ అమ్ముడుపోయారు. ఒక చలికాలం పొద్దున ఐదేళ్ల కొడుకును, మూడేళ్ల కూతురును మంచుబండిలో ఎక్కించుకుపోయిన సంగతి ఆమె మిగిలిన పిల్లలకు పదేపదే చెప్పుకుని ఏడ్చేది. పిల్లవాడు బండి చూసి సంబరంగా ఎక్కాడట. చెల్లెల్ని బండిపెట్టెలో పెట్టి మూత వేయడం చూడగానే దూకి పారిపోయి మంచం కింద దాక్కున్నాడట. లాభం లేకపోయింది. ఈ తల్లే రాత్రిపూట పిల్లలను ఆరుబయట కూర్చోబెట్టి, ఆకాశంలో ఒక దేవుడున్నాడని, ఆయన అన్నీ చూస్తాడని, వింటాడని చెప్పేది. పరలోక ప్రార్థన డచ్చిలో నేర్పింది. మీ అన్నలూ అక్కలూ ఎక్కడున్నా ఇవే నక్షత్రాలు చూస్తుంటారని చెప్పేది. ఇసబెల్లాకు దక్కిన మతబోధ ఇంతే. బైబిల్ లేదు, చర్చి లేదు. చదవడం, రాయడం ఆమెకు చనిపోయేదాకా రాలేదు. ఆమె చెబుతుంటే ఆలివ్ గిల్బర్ట్ అనే తెల్లజాతి మహిళ రాసి 1850లో అచ్చువేయించిన జీవితకథే మనకు ప్రధాన ఆధారం. కథ ఆమెది, కలం ఇంకొకరిది. చదివేటప్పుడు ఇది మరిచిపోకూడదు.

1806లో యజమాని చనిపోతే అతని ఆస్తితో పాటు తొమ్మిదేళ్ల ఇసబెల్లానూ వేలం వేశారు. ఒక గొర్రెల మందతో కలిపి 100 డాలర్లకు నీలీ అనేవాడు కొన్నాడు. ఆ ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడతారు. చెప్పిన పని అర్థంకాక వేరే వస్తువు తెచ్చినప్పుడల్లా దెబ్బలు. ఒక ఆదివారం పొద్దున కొట్టంలోకి తీసుకెళ్లి, బెత్తాల కట్టతో ఒళ్లంతా చీరుకుపోయేలా కొట్టాడు. ఆ మచ్చలు ఆమెతోనే మట్టిలో కలిశాయి. ఆ రోజుల్లో తల్లి చెప్పిన దేవుణ్ని గట్టిగా అరిచి పిలిచేది. గట్టిగా పిలవకపోతే ఆయనకు వినపడదని నమ్మేది. నాన్నను పంపమని అడిగింది. కొన్నాళ్లకు నాన్న వచ్చాడు. ఇంట్లోవాళ్ల ఎదుట చెప్పలేక, గేటు దాకా సాగనంపుతూ తన ఒళ్లు చూపించింది. ఆయన తనకు చేతనైన ప్రయత్నం చేశాడు. కొంతకాలానికి ఆ పిల్లను మరో యజమాని 105 డాలర్లకు కొనుక్కున్నాడు. విముక్తి కాదు, కాస్త తక్కువ కొట్టే చెయ్యి, అంతే. ఆమె మాత్రం దాన్ని తన ప్రార్థనకు వచ్చిన జవాబుగా పెట్టుకుంది. ఆ నాన్న తర్వాత ముసలితనంలో, గుడ్డివాడై, ఒంటరిగా ఒక గుడిసెలో చలికీ ఆకలికీ చనిపోయాడు. దాన్ని ఏ జవాబుగా పెట్టుకోవాలి?

1810లో ఆమె జాన్ డ్యూమాంట్ అనే రైతు చేతికి వచ్చింది. అక్కడ పదహారేళ్లకు పైగా ఉంది. జీవితకథలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టే భాగం ఇదే. ఆ కాలంలో ఆమె బానిసత్వం న్యాయమేనని నమ్మింది. డ్యూమాంట్‌ను దేవుడిలా చూసింది. తన మనసులోని మాటలన్నీ అతనికి తెలుసని అనుకునేది. అతని మెప్పు కోసం రాత్రంతా బట్టలు ఉతికి, పొద్దున్నే పొలంలో మగవాళ్లతో సమానంగా పనిచేసేది. తోటి బానిసలు యజమాని మనిషి అని ఎగతాళి చేసేవారు. దొరకు ఎదురు చెబితే పాపమని, పని ఎగ్గొడితే దేవుడు చూస్తాడని నమ్మిన మన తాతముత్తాతలను తెలిసినవాళ్లకు ఇందులో వింత కనిపించదు. ఆకాశంలో దేవుడు, ఇంట్లో యజమాని. ఇద్దరికీ ఒకే ముఖం.

అయితే ఒక్క చోటు మాత్రం డ్యూమాంట్‌ది కాదు. ఏటి మధ్యలో ఒక చిన్న దిబ్బ, దాని మీద నీటివంచి చెట్లు. వాటి కొమ్మలు అల్లి ఒక చిన్న గూడు చేసుకుంది. నీళ్ల హోరులో ఎంత గట్టిగా ప్రార్థించినా ఎవరికీ వినపడదు. అక్కడ ఆమె దేవునితో బేరాలాడేది. నువ్వు ఇది చెయ్యి, నేను మంచిగా ఉంటాను అని. తర్వాత రోజుల్లో ఆ బేరాలను తలుచుకుని తానే సిగ్గుపడింది. కానీ యజమానితో బేరమాడే హక్కు లేని మనిషి దేవునితో బేరమాడటం నేర్చుకుంది. అది చిన్న విషయం కాదు.

న్యూయార్క్ చట్టం ప్రకారం 1827 జులై 4న ఆమెలాంటి వాళ్లకు విడుదల. బాగా పనిచేస్తే ఏడాది ముందే వదిలేస్తానని డ్యూమాంట్ మాటిచ్చాడు. ఆ ఏడాది ఆమె చేతికి దెబ్బ తగిలింది. ఆ సాకుతో మాట తప్పాడు. తన దేవుడు అబద్ధం ఆడగలడని ఆమెకు అప్పుడు తెలిసింది. అయినా అతనికి రావాల్సిన పని బాకీ ఉండకూడదని సుమారు 100 పౌన్ల ఉన్ని వడికిపెట్టింది. తర్వాత వెళ్లిపోవాలనుకుంది. రాత్రి వెళ్లాలంటే భయం, పగలు వెళ్తే అందరూ చూస్తారు. ఆ మాటే దేవునికి చెప్పుకుంది. తెల్లవారడానికి కాస్త ముందు వెళ్లొచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది. మంచి ఆలోచన ఇచ్చావని దేవునికి కృతజ్ఞత చెప్పి, 1826 చివర్లో ఒక వేకువన చంటిపిల్ల సోఫియాను ఎత్తుకుని నడుచుకుంటూ వెళ్లిపోయింది. మిగతా పిల్లలను వదిలి వెళ్లాల్సి వచ్చింది. వాన్ వాగెనెన్ దంపతులు చోటిచ్చారు. డ్యూమాంట్ వెతుక్కుంటూ వస్తే, ఆ ఏడాదిలో మిగిలిన పనికి 20 డాలర్లు, పిల్లకు 5 డాలర్లు ఇచ్చి పంపేశారు. తమను యజమాని అని పిలవొద్దని, యజమాని ఒక్కడేనని ఆమెకు చెప్పారు.

ఇక్కడ కథ సుఖంగా ముగియాలి. అలా జరగలేదు. మంచి చోట కుదురుకున్నాక ఆమె దేవుణ్ని మరిచిపోయింది. కష్టంలో పిలవడానికే తప్ప ఆయనతో పనేముంది? 1827లో పింక్‌స్టర్ పండుగ వచ్చింది. అది డచ్చివాళ్ల పెంతెకొస్తు, బానిసలకు ఏడాదిలో దొరికే పెద్ద ఆటవిడుపు. పాత తోటివాళ్లు, పాటలు, తాగుడు, సంబరం గుర్తొచ్చి ఆమె మనసు వెనక్కి లాగింది. డ్యూమాంట్ బండి వచ్చినప్పుడు పిల్లను ఎత్తుకుని అతనితో వెళ్లిపోవడానికి సిద్ధమైంది. అవును, బానిసత్వానికే తిరిగి వెళ్లబోయింది. మోషేతో బయటికొచ్చిన జనం ఐగుప్తు కూరకుండలను తలుచుకున్నట్టే.

సరిగ్గా అప్పుడు, మెరుపు మెరిసినట్టు, దేవుడు అంతటా ఉన్నాడని ఆమెకు తోచింది. ఆకాశంలో కూర్చుని గట్టిగా పిలిస్తేనే వినేవాడు కాదు, తాను తప్పిన ప్రతి మాటా చూసినవాడు. ఆ చూపు ముందు నిలబడలేక హడలిపోయింది. తన తరఫున ఎవరైనా మాట్లాడితే బాగుండునని వెతుక్కుంది. తనకూ దేవునికీ మధ్య ఒక స్నేహితుడు నిలబడినట్టు అనిపించింది. ఎవరో తెలియలేదు. తెలుసుకోవాలని పెనుగులాడితే, యేసు అని జవాబు వచ్చింది. అప్పటిదాకా యేసు అనే పేరు విన్నది గానీ, వాషింగ్టన్ లాంటి ఒక గొప్ప మనిషి అనుకుంది. స్పృహలోకి వచ్చేసరికి బండి వెళ్లిపోయింది. ఆమె ఉండిపోయింది.

దీన్ని ఎవరు ఎలా అర్థం చేసుకుంటారో వాళ్ల ఇష్టం. నాకు కనిపించేది ఒకటే. యజమానికీ దేవునికీ ఒకే ముఖం ఉన్న రోజులు అక్కడ ముగిశాయి. ఇప్పుడు ఆమె దేవుడు యజమాని బండి ఎక్కకుండా ఆపేవాడు. ఈ సంగతి తెల్లవాళ్లకు తెలిస్తే తన యేసును కూడా లాక్కుంటారేమోనని భయపడి కొన్నాళ్లు దాచుకుందని హారియెట్ బీచర్ స్టౌ తన వ్యాసంలో రాసింది. పిల్లలను, జీతాన్ని, చివరికి పేరును కూడా పోగొట్టుకున్న మనిషి భయం అది.

ఆ కొత్త విశ్వాసానికి పరీక్ష వెంటనే వచ్చింది. ఐదేళ్ల కొడుకు పీటర్‌ను చేతులు మార్చి అలబామాకు అమ్మేశారు. రాష్ట్రం దాటించి అమ్మడం న్యూయార్క్ చట్టం ప్రకారం నేరం. ఆమె డ్యూమాంట్ ఇంటికి వెళ్లి అడిగితే, ఒక నల్లపిల్లాడి కోసం ఇంత గొడవా అని యజమానురాలు వెటకారమాడింది. క్వేకర్ల సాయంతో కింగ్‌స్టన్ కోర్టుకు వెళ్లింది. వకీలుకు ఇవ్వడానికి డబ్బు అడుక్కుని పోగేసింది. ప్రార్థించడం, కోర్టు మెట్లెక్కడం ఆమెకు రెండు వేర్వేరు పనులు కాలేదు. 1828లో గెలిచింది. తెల్లవాడి మీద కోర్టులో గెలిచిన తొలి నల్లజాతి మహిళల్లో ఆమె ఒకరు.

కోర్టులో పిల్లవాడు తల్లిని చూసి తన తల్లి కాదని ఏడ్చాడు. అంతగా భయపెట్టి తెచ్చారు. ఇంటికి తీసుకెళ్లి చొక్కా తీస్తే మెడ నుంచి కాలి దాకా దెబ్బల గాట్లు. అవి చూసి, దీనికి వాళ్లకు రెట్టింపు ఇవ్వమని దేవుణ్ని అడిగింది. కొంతకాలానికి కబురొచ్చింది. పిల్లవాణ్ని కొట్టిన ఫౌలర్ అనేవాడు తన సొంత భార్యను కొట్టి చంపేశాడు. ఆ భార్య పిల్లవాణ్ని అమ్మిన కుటుంబపు ఆడపిల్ల. మరొకరైతే దేవుడు న్యాయం చేశాడని సాక్ష్యం చెప్పేవారేమో. ఇసబెల్లా హడలిపోయింది. తాను అంత అడగలేదని దేవునితోనే మొరపెట్టుకుంది. ఆ ఇంట్లో ఏడుస్తున్న ముసలి తల్లిని చూసి జాలిపడింది. అణచివేసినవాడికి శిక్ష కోరుకోవడం తప్పని నేను అనను. కానీ ఆ ఇంట్లో చచ్చిపోయింది మళ్లీ ఒక ఆడది. ఆమె గమనించింది అది.

1829 ప్రాంతంలో పీటర్‌ను తీసుకుని న్యూయార్క్ నగరం చేరింది. మొదట జాన్ స్ట్రీట్ మెథడిస్టు చర్చి, తర్వాత పూర్తిగా నల్లవాళ్లదైన జయన్ చర్చి. ఆ చర్చిలో బలిపీఠం దగ్గర ఒక ముసలామెతో కలిసి మోకరించేది. చేతులు కలిపినప్పుడు ఆ చెయ్యి తన చెయ్యిలాగే గట్టిగా, ఎముకలు తేలి ఉండేది. ఆమె చనిపోయాక తెలిసింది, ఆమె తన సొంత అక్క నాన్సీ అని. పక్కపక్కనే మోకరించి, ఎవరెవరో తెలియకుండా ప్రార్థించారు. బానిసత్వం అంటే ఏమిటో చెప్పడానికి కొరడా కంటే ఈ సంగతే చాలు.

ఆ నగరంలోనే ఆమె విశ్వాసం పెద్ద దెబ్బ తింది. ఎలైజా పియర్సన్ అనే భక్తుడి ఇంట్లో పనికి కుదిరింది. 1832లో ఆ ఇంటికి గడ్డం పెంచుకున్న ఒకతను వచ్చాడు. అసలు పేరు రాబర్ట్ మాథ్యూస్. తాను మాథియస్ ప్రవక్తనని, దేవుని ఆత్మ తనలో ఉందని చెప్పుకున్నాడు. ఆమె నమ్మింది. దాచుకున్న డబ్బు ఇచ్చింది. వాళ్లంతా కలిసి సింగ్ సింగ్ దగ్గర ఒక ఇంట్లో పెట్టుకున్న దేవుని రాజ్యంలో చేరింది. అక్కడ అందరూ సమానమే, కానీ వంటా ఉతుకుడూ ఎక్కువగా ఆమెవే. జీతం లేదు. ఆడవాళ్లు బోధించకూడదని ప్రవక్త ఆజ్ఞ. 1834లో పియర్సన్ చనిపోవడంతో అంతా కూలిపోయింది. మాథియస్ మీద హత్య కేసు నడిచి కొట్టేశారు. ఫోల్జర్ దంపతులు విషం పెట్టింది ఇసబెల్లాయేనని ప్రచారం చేశారు. ఆమె పరువు నష్టం దావా వేసి గెలిచి 125 డాలర్లు తీసుకుంది.

ఈ మూడేళ్లను ఆమె గురించి రాసేవాళ్లు చాలామంది ఒక పేరాలో దాటేస్తారు. దాటకూడదు. అద్భుతాలు చేస్తానని, కానుకలు వేయమని, ప్రశ్నించొద్దని చెప్పే ప్రవక్తలు మన పేటల చుట్టూ తక్కువేం లేరు. ఇసబెల్లా లాంటి మనిషే మోసపోయింది. మోసపోయినందుకు దేవుణ్ని వదల్లేదు, ప్రవక్తలను వదిలింది. ఆ తర్వాత ఏ మనిషి మాటా దేవుని మాటగా తీసుకోలేదు.

1839లో పీటర్ తిమింగలాల వేట ఓడ ఎక్కాడు. కొన్ని ఉత్తరాలు వచ్చాయి. 1842లో ఓడ తిరిగొచ్చింది, అతను రాలేదు. కోర్టులో గెలిచి తెచ్చుకున్న కొడుకు సముద్రంలో ఏమయ్యాడో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. దీనికి కూడా జవాబు లేదు. ఉన్నట్టు ఆమె నటించలేదు.

1843 జూన్ 1న, పెంతెకొస్తుకు కొన్ని రోజుల ముందు, దిండు గలీబులో బట్టలు వేసుకుని, జేబులో పాతిక సెంట్లతో నగరం విడిచింది. నలభై ఆరేళ్ల వయసు. బానిసగా యజమాని మారినప్పుడల్లా మారిన ఇంటిపేరు వదిలేసి, దేవుణ్ని పేరడిగి, సోజర్నర్ అని పెట్టుకుంది. బాటసారి అని అర్థం. రెండో పేరుగా ట్రూత్, అంటే సత్యం. అప్పుడే విలియం మిల్లర్ అనుచరులు ఆ ఏడాదే క్రీస్తు రెండో రాకడ అని గుడారాల్లో ఎదురుచూస్తున్నారు. జనం భయంతో అరుస్తూ పరుగెడుతుంటే ఆమె ఒక మొద్దు ఎక్కి, ప్రభువు అలా గోలలో రాడని, నెమ్మదిగా ఉండమని చెప్పి శాంతపరిచింది. మాథియస్ దగ్గర చెల్లించిన మూల్యం అక్కడ పనికొచ్చింది. బైబిల్‌ను పెద్దలచేత కాక పిల్లలచేత చదివించుకునేది. పెద్దవాళ్లు మధ్యలో వ్యాఖ్యానం మొదలుపెడతారు. పిల్లలు అడిగిన వాక్యం మళ్లీ మళ్లీ చదువుతారు. విన్నదాన్ని తన లోపలి సాక్ష్యంతో పోల్చి చూసుకుని, అందులో సత్యాత్మతో పాటు రాసినవాళ్ల సొంత ఆలోచనలూ కలిశాయనే నిర్ణయానికి వచ్చింది. దాసులారా లోబడండి అనే వాక్యాన్ని యజమానుల బోధకులు వల్లించే దేశంలో, చదువురాని ఒక స్త్రీ చేసిన పఠనం అది.

మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్ సమష్టి నివాసంలో గారిసన్, ఫ్రెడరిక్ డగ్లస్ లాంటి బానిసత్వ వ్యతిరేకులు పరిచయమయ్యారు. అక్కడి నుంచి తక్కిన జీవితం మనకు తెలిసిన పోస్టర్‌దే. పోస్టర్ మీద రాసే ఆ ప్రసిద్ధ వాక్యం గురించి ఒక మాట. 1851 ఏక్రన్ సభలో ఆమె మాట్లాడిన నెలలోపే అచ్చయిన పత్రికా కథనంలో ఆ వాక్యం లేదు. పన్నెండేళ్ల తర్వాత ఫ్రాన్సెస్ గేజ్ రాసిన కథనంలో వచ్చింది, అదీ దక్షిణాది యాసలో. డచ్చి యాసతో మాట్లాడే న్యూయార్క్ స్త్రీ నోట్లో వాళ్లు తమకు తెలిసిన బానిస గొంతును పెట్టారు.

ఒహాయోలోని సేలంలో 1852లో జరిగింది మాత్రం డగ్లస్ స్వయంగా గుర్తు చేసుకున్నాడు. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టం వచ్చి రెండేళ్లయింది. డగ్లస్ ఆశ పోయినవాడిలా మాట్లాడుతున్నాడు. న్యాయం మీద, మాటల మీద నమ్మకం లేదని, రక్తం చిందక తప్పదని అంటున్నాడు. సభలోంచి ఆమె, దేవుడు చచ్చిపోయాడా అని అడిగింది. సభ నిశ్శబ్దమైపోయింది. ఈ సంఘటనను ఆమె విశ్వాసానికి విజయంగా చెప్పుకుంటారు. నాకు అంత సులువుగా అనిపించదు. డగ్లస్ చెప్పిందే జరిగింది. అంతర్యుద్ధంలో లక్షల మంది చచ్చాకే బానిసత్వం పోయింది. ఆమె మనవడు జేమ్స్ కాల్డ్‌వెల్ కూడా నల్ల సైనికుల 54వ మసాచుసెట్స్ పటాలంలో చేరాడు. ఆమె నల్ల సైనికుల కోసం ఇల్లిల్లూ తిరిగి తిండి పోగుచేసింది. ఆ ప్రశ్న డగ్లస్‌కు వేసిన ఓటమి ప్రశ్న కాదు, పీటర్ ఓడ దిగని రోజు నుంచి ఆమె తనను తాను అడుగుతున్న ప్రశ్నే అయి ఉండాలి.

1864 అక్టోబర్ 29న లింకన్‌ను కలిసింది. విడుదలైన బానిసల శిబిరాల్లో పనిచేసింది. 1865లో వాషింగ్టన్ ట్రాములో తోసేసిన కండక్టర్ మీద కేసు పెట్టింది. భుజం దెబ్బతింది, అతని ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఆమె పట్టుకున్న పని భూమి. కూలి లేని పనితో దేశాన్ని నిర్మించినవాళ్లకు పడమటి భూములు ఇవ్వాలని అర్జీ రాయించి, ఏళ్ల తరబడి ఊరూరా సంతకాలు సేకరించింది. అదే రోజుల్లో, 1873లో, పూణేలో జోతిరావు ఫూలే తన గులాంగిరీ పుస్తకాన్ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఆ రద్దు ఎంత అసంపూర్ణమో ఈ ముసలమ్మ చేతిలోని కాగితాలు చెబుతున్నాయి. అర్జీకి తోడు తిరిగిన మనవడు శామీ 1875లో చనిపోయాడు. కాంగ్రెస్ ఒక్క ఎకరా ఇవ్వలేదు. 1879లో దక్షిణాది నుంచి వేలమంది నల్లవాళ్లు సొంతంగా కాన్సాస్‌కు తరలిపోతుంటే, ఎనభై దాటిన వయసులో ఆమె అక్కడికి వెళ్లి వాళ్ల మధ్య నిలబడింది.

1883 నవంబర్ 26న మిషిగన్‌లోని బాటిల్ క్రీక్‌లో చనిపోయింది. సమాధి రాయి మీద వయసు సుమారు 105 అని చెక్కారు. అసలు వయసు 86 ఉంటుంది. దాని కింద, సేలం సభలో ఆమె అడిగిన ప్రశ్న ఉంది. జవాబు చెక్కలేదు.